ఎర్ర తెర వెనుక ఎవరు?

ప్రత్యేక రాష్ట్రం కోసం విద్యార్థి మిత్రులు నడుపుకుంటున్న ఒక చిన్న వెబ్‌సైట్ తెరవగానే ఎర్ర తెర పడుతోందని, ముందుకు వెళితే ప్రమాదమని ఇంగ్లీషులో హెచ్చరిక వస్తోందని కర్నూలు నుంచీ కడప నుంచీ ఈ మధ్య మాకు వరుసగా ఫోన్లు వచ్చాయి. అందరి నోటా ఒకటే మాట: ‘మన గొంతు నొక్కేశారు సార్!’ వాట్సాప్ గ్రూపుల్లో ఆ ఎర్ర తెర ఫొటో చక్కర్లు కొట్టింది. దాని కింద ప్రభుత్వాన్ని తిడుతూ రాతలు. కొందరు కలెక్టరేట్ ముందు ధర్నాకు సిద్ధమయ్యారు.

ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదు. 1937 నవంబర్ 16న రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక ఏ గతి పట్టిందో సీమలో పదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. 1953 అక్టోబర్ 1న కర్నూలుకు వచ్చిన రాజధాని 1956 నవంబర్ 1న మూటా ముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. న్యాయ రాజధాని అని 2020లో చట్టంలో రాశారు, 2021లో ఆ చట్టాన్నే రద్దు చేశారు. ఇన్నిసార్లు మోసపోయిన జనం ప్రతి చీకటి మూలలోనూ కుట్రనే చూస్తే తప్పు పట్టలేం. అయితే ఈసారి అనుమానం తప్పు మనిషి మీద పడింది. తప్పు మనిషిని పట్టుకుని మనం కేకలు వేస్తుంటే అసలు దొంగ గోడ దూకి పోతాడు. అందుకే ఈ వారం నీళ్లు, నిధులు, నియామకాల మాట కాస్త పక్కన పెట్టి ఈ ఎర్ర తెర సంగతి రాస్తున్నాం.

ప్రభుత్వం ఒక వెబ్‌సైట్‌ను ఆపాలనుకుంటే దారి వేరే ఉంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో 69ఎ అనే సెక్షన్ ఉంది. దాని కింద కేంద్రం ఉత్తర్వు ఇస్తుంది. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు ఆ ఉత్తర్వును అమలు చేస్తాయి. అప్పుడు పేజీ అసలు తెరుచుకోదు, లేదా ప్రభుత్వ ఆదేశం మేరకు ఆపేశామని ఒక ముక్క కనిపిస్తుంది. ఆ సెక్షన్‌ను ఎవరెవరి మీద ఎలా వాడుతున్నారన్నది వేరే చర్చ, దాని మీద మాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. కానీ ‘ప్రమాదం, వెనక్కి వెళ్లండి’ అనే నిండు ఎరుపు పేజీ ఢిల్లీ నుంచి రాదు, అమరావతి నుంచీ రాదు. మన చేతిలోని బ్రౌజరే దాన్ని వేస్తుంది. గూగుల్ కంపెనీ ‘సేఫ్ బ్రౌజింగ్’ పేరుతో ఒక జాబితా తయారు చేస్తుంది. ఆ కంపెనీ యంత్రాలు రాత్రింబవళ్లు వెబ్‌సైట్లన్నీ తిరిగి, వైరస్ దించేవాటిని, బ్యాంకుల వేషం కట్టేవాటిని గుర్తించి ఆ జాబితాలోకి ఎక్కిస్తాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ ఆ జాబితాతో సరిచూసుకునే పేజీ తెరుస్తాయి. పేరు జాబితాలో ఉంటే ఎర్ర తెర పడుతుంది. కలెక్టరుకూ ఎస్పీకీ ఇందులో పాత్ర లేదు.

యంత్రం ఎప్పుడూ నిజమే చెబుతుందని కూడా మేము అనడం లేదు. 2009 జనవరి 31న గూగుల్ మనిషి ఒకరు ఆ జాబితాలో పొరపాటున ఒక వాలు గీతను చేర్చారు. వెబ్ చిరునామాలన్నింటిలోనూ ఆ వాలు గీత ఉంటుంది కదా! ఇంకేముంది, ప్రపంచంలోని సైట్లన్నీ హానికరమైనవేనని గూగుల్ వెతుకులాటలో దాదాపు గంటసేపు చూపించింది. ఏది శుభ్రమో ఏది మలినమో తేల్చే అధికారం కాలిఫోర్నియాలోని ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండడం మాకూ నచ్చదు. అయినా సైటు యజమాని కారణం చూసుకోవడానికి, శుభ్రం చేసుకున్నాక మళ్లీ పరీక్షించమని అడగడానికి అందులో దారి ఉంది. ఆ విద్యార్థి మిత్రులు ఆ దారినే వెళ్లి చూశారు. వాళ్లు రాసిన వ్యాసాల్లో తప్పేమీ లేదు. సిద్ధేశ్వరం అలుగు మీద పెట్టిన ఫొటోల్లోనూ లేదు. పేజీ పక్కన, నెలకు నాలుగు రూపాయలు వస్తే హోస్టింగ్ ఖర్చు గడుస్తుందని ఒక మధ్యవర్తి కంపెనీకి ఇచ్చిన ప్రకటనల గడిలో ఉంది.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

మన పత్రికలో ప్రకటన ఎలా వస్తుంది? విత్తనాల షాపు ఆయన వస్తాడు, కాగితం ఇస్తాడు, మేము చదువుతాం, వేస్తాం. అందులో అబద్ధం ఉంటే రేపు ఆయన ఎదురుగానే దొరుకుతాడు. ఇంటర్నెట్‌లో ప్రకటన అలా రాదు. సైటు యజమాని తన పేజీలో ఒక కోడ్ ముక్క మాత్రమే పెడతాడు. మీరు ఆ పేజీ తెరిచిన క్షణంలో, మీరు ఎవరు, ఏ ఊరు, ఏ ఫోన్ అన్న వివరాలతో ఆ గడి వేలానికి వెళుతుంది. యజమాని నుంచి ఒక కంపెనీకి, అక్కడి నుంచి వేలం నడిపే ఇంకో కంపెనీకి, దాని నుంచి కొనేవాళ్ల తరఫు కంపెనీకి, వాళ్ల వెనక ఒక ఏజెన్సీకి, దాని వెనక అసలు ప్రకటనదారుకు. ఇదంతా రెప్ప వేసేలోపు ముగుస్తుంది. గెలిచినవాడి బొమ్మ మీ తెర మీద పడుతుంది. అది ఏ బొమ్మో సైటు యజమానికి తెలియదు. మీకు వచ్చింది పక్కవాడికి రాదు. ‘నాకు బాగానే తెరుచుకుంది, నీకే ఎందుకలా?’ అని హాస్టల్ గదుల్లో జరిగే వాదనకు మూలం ఇదే.

కేసీ కెనాల్ కింద సేద్యం చేసేవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. సుంకేసుల దగ్గర వదిలిన తుంగభద్ర నీరు నంద్యాల మీదుగా 300 కిలోమీటర్లు పారి కడపకు చేరాలి. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కాలువ అది, 1882లో సర్కారు చేతికి వచ్చింది. చివరి ఆయకట్టు రైతుకు పైన ఏ తూము ఎవరు ఎత్తారో తెలియదు, ఏ ఊరి మురుగు ఎక్కడ కలిసిందో తెలియదు. వచ్చిన నీటినే మడికి పెట్టుకోవాలి. (రాజోలి, జొలదరాశి జలాశయాల మాట ఇక్కడ ఎత్తితే ఈ సంపాదకీయం దారి తప్పుతుంది కాబట్టి ఆపుతున్నాం.) ఇంటర్నెట్ ప్రకటనల కాలువలో చిన్న వెబ్‌సైట్ యజమాని ఆ చివరి రైతు లాంటివాడు. విషం ఎగువన కలుస్తుంది. ఎర్ర తెర మాత్రం దిగువన ఉన్నవాడి పేరు మీద పడుతుంది.

చిన్నవాళ్లకే ఇలా జరుగుతుందనుకుంటే పొరపాటు. 2009 సెప్టెంబర్‌లో అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వెబ్‌సైట్‌లో ఇదే జరిగింది. దొంగలు వోనేజ్ అనే టెలిఫోన్ కంపెనీ తరఫువాళ్లమని వచ్చారు. కొన్నాళ్లు బుద్ధిగా మంచి ప్రకటనే నడిపారు. వారాంతం చూసి దాన్ని మార్చేశారు. పాఠకుల తెరల మీద ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే ఈ మందు దించుకోండి’ అనే బొమ్మ దూకింది. ఆ మందే వైరస్. 2016 మార్చిలో అదే పత్రికతో పాటు బీబీసీ, ఎంఎస్‌ఎన్ వంటి పెద్ద పెద్ద సైట్లలో విషపు ప్రకటనలు దిగాయి. ఈసారి దొంగలు ఇంకా తెలివి మీరారు. ఒకప్పుడు నిజమైన ప్రకటనల కంపెనీ వాడి వదిలేసిన వెబ్ చిరునామాకు గడువు తీరిపోతే, దాన్ని కొనుక్కుని పాత పరువుతో లోపలికి వచ్చారు. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌లోకి, ప్రకటనను నొక్కకపోయినా సరే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్‌ను దించే ఏర్పాటు చేశారు. లక్షల డాలర్ల జీతాలిచ్చి నిపుణులను పెట్టుకున్న పత్రికలకే దిక్కు లేకపోతే, ట్యూషన్లు చెప్పుకుని వచ్చిన డబ్బుతో సైటు నడిపే మన పిల్లల గతేమిటి?

ఈ కాలువ మీద గుత్తేదార్లు ఎంత సంపాదిస్తున్నారో కూడా చూద్దాం. 2024లో తాము ప్రపంచవ్యాప్తంగా 510 కోట్ల చెడ్డ ప్రకటనలను ఆపామని, 3.92 కోట్ల ప్రకటనదారుల ఖాతాలను సస్పెండ్ చేశామని గూగుల్ తానే చెప్పుకుంది. ఒక్క భారతదేశంలోనే 29 లక్షల ఖాతాలు. దీన్ని ఘనతగా చెప్పుకున్నారు. మాకు మాత్రం ఇది వేరేలా వినిపిస్తోంది. కోట్ల మంది దొంగలు దర్జాగా గుమ్మం దాకా వచ్చి ఖాతా తెరుచుకోగలిగారన్నమాట! ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా సంగతి ఇంకా ఘోరం. 2024 ఆదాయంలో దాదాపు 10 శాతం, అంటే సుమారు 1,600 కోట్ల డాలర్లు మోసపు ప్రకటనలు, నిషిద్ధ సరుకుల ప్రకటనల నుంచే వస్తుందని ఆ కంపెనీ లోపలి పత్రాలే అంచనా కట్టాయని 2025 నవంబర్‌లో రాయిటర్స్ వార్తా సంస్థ బయటపెట్టింది. ఆ లెక్క ఉజ్జాయింపుగా, అతిగా వేసిందని కంపెనీ సమాధానం. సగానికి తగ్గించి చూసుకున్నా సీమ ప్రాజెక్టులన్నీ కట్టగా మిగిలే సొమ్ము అది. తిలాపాపం తలా పిడికెడు అన్నారు పెద్దలు. ఇక్కడ పాపం పంచుకునేవాళ్లు ఎవరూ లేరు, డబ్బు మాత్రం వరుసలో ఉన్న ప్రతివాడూ పిడికెడు తీసుకుంటున్నాడు.

మన తెలుగు నేలకు వద్దాం. ఐబొమ్మ పేరు తెలియని విద్యార్థి ఉన్నాడా? కొత్త సినిమాలను దొంగతనంగా, ఉచితంగా చూపించిన ఆ సైటు నిర్వాహకుడంటూ 2025 నవంబర్‌లో హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. కేసు ఇంకా తేలాల్సి ఉంది కాబట్టి ఆ వ్యక్తి గురించి తీర్పు చెప్పడం మా పని కాదు. కానీ నగర పోలీస్ కమిషనర్ వి.సి.సజ్జనార్ అప్పుడు చెప్పిన మాటల్లో రెండు మనకు ముఖ్యం. ఒకటి, ఆ సైటు ద్వారా బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం జరిగిందని. రెండు, చూడడానికి వచ్చిన సుమారు 50 లక్షల మంది వివరాలు నిర్వాహకుడి దగ్గర ఉన్నాయని.

ఆ అరెస్టు తర్వాత మన కుర్రాళ్లలో చాలామంది అతని పక్షం వహించారు. ‘టికెట్ ధరలు ఆకాశానికి పెంచినవాళ్లను వదిలేసి ఇతణ్ని పట్టుకుంటారా?’ అన్నారు. ఆ కోపంలో న్యాయం లేదని మేము అనం. కుటుంబంతో సినిమాకు వెళితే ఒక కూలీ రోజులు రోజులు సంపాదించింది ఖర్చయ్యే పరిస్థితి తెచ్చినవాళ్లు ముందు సిగ్గుపడాలి. కానీ తమ్ముళ్లూ, ఉచితంగా సినిమా చూపించేవాడు సర్వర్ల ఖర్చు ఎక్కడి నుంచి తెస్తున్నాడు? సినిమా మొదలయ్యే ముందు మీరు ఎక్కడ నొక్కినా ఇంకో పేజీకి ఎగిరి పడుతుందే, ఆ ఎగిరిపాటుకు ధర కట్టి కొనుక్కునేవాడు ఉన్నాడు. దొంగ సినిమాల సైట్లలో ఇలాంటి ప్రకటనల వలలో 2024 డిసెంబర్ నుంచి ప్రపంచవ్యాప్తంగా దాదాపు 10 లక్షల కంప్యూటర్లు చిక్కాయని, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు కాజేసే వైరస్ వాటిలో దిగిందని మైక్రోసాఫ్ట్ 2025 మార్చిలో వెల్లడించింది. ఇళ్లలోని కంప్యూటర్లే కాదు, ఆఫీసుల కంప్యూటర్లు కూడా అందులో ఉన్నాయి. బెట్టింగ్ సంగతి సరేసరి. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ జూదం 2020 సెప్టెంబర్ నుంచే నిషేధం. కేంద్రం 2025 ఆగస్టులో చేసిన చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటకు ప్రకటన వేసినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. చట్టం పుస్తకంలో ఉంది, ప్రకటన తెర మీద ఉంది.

దీని దెబ్బ సీమలో ఎవరికి తగులుతుందో ఒక్కసారి ఆలోచించండి. కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో పని లేని నెలల్లో తల్లిదండ్రులు మిరపకాయల కోతలకు గుంటూరు పోతారు. ఇంటి దగ్గర అవ్వ, చదువుకునే పిల్లవాడు, ఒక ఫోన్ మిగులుతాయి. కూలి డబ్బులు పడే ఖాతాకు ఆ ఫోన్ నంబరే జత అయి ఉంటుంది. పిల్లవాడు పరీక్ష ఫలితం కోసమో, స్కాలర్‌షిప్ కోసమో, సినిమా కోసమో వెతుకుతాడు. ‘మీ ఫోన్‌లో వైరస్‌లు ఉన్నాయి’ అని ఫోన్ గజగజ వణుకుతుంది. శుభ్రం చేసే యాప్ అంటూ ఒక ఏపీకే ఫైలు దిగుతుంది. అది మెసేజీలు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఇచ్చేస్తాడు. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ ఇక అతని ఒక్కడిది కాదు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి డబ్బు పోతే ఫిర్యాదు చేయడం తెలుసు, పోయినా మళ్లీ జీతం వస్తుంది. మిరపకోతల డబ్బు పోతే ఆ ఇంట్లో ఏడాది గడవదు. పైగా ‘నీకెవడు నొక్కమన్నాడు?’ అని పిల్లవాడికే తిట్లు. పిల్లవాణ్ని తిట్టే నోళ్లు ఆ బొమ్మను వేలంలో అమ్మినవాడి జోలికి మాత్రం పోవు.

హెచ్చరిక వచ్చినా అది చదివే భాషలో ఉండాలి కదా. ఫోన్ భాషను తెలుగుకు మార్చుకుంటే క్రోమ్ ఆ హెచ్చరికను తెలుగులోనే చూపిస్తుంది. కానీ షాపులో కొన్ననాడు ఇంగ్లీషులో పెట్టి ఇచ్చిన ఫోన్ చచ్చేదాకా ఇంగ్లీషులోనే ఉంటుంది. ఎర్రగా ఏదో వచ్చింది, కింద ఏదో నొక్కితే పోయింది. అంతే మనవాళ్లకు తెలిసింది.

ఆ ‘కింద నొక్కడం’ ఎవరు నేర్పారు? చెప్పడానికి బాధగా ఉంది కానీ ఇందులో ప్రభుత్వ కార్యాలయాల వాటా పెద్దదే. సర్టిఫికెట్ గడువు తీరిపోయిన సర్కారీ సైటు తెరిస్తే ‘మీ కనెక్షన్ గోప్యంగా లేదు’ అని వస్తుంది. ఇది ఎర్ర తెరకు చెల్లెలు లాంటిది. వైరస్ అని కాదు, అవతల ఉన్నది ఫలానావాళ్లేనని రుజువు లేదని దాని అర్థం. ఫోన్‌లో తేదీ తప్పుగా ఉన్నా ఇదే వస్తుంది. ‘ఏం కాదు, అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు పో’ అని నెట్ సెంటర్ నుంచి కాలేజీ ఆఫీసు దాకా అందరూ చెప్పేస్తారు. దరఖాస్తుకు ఆఖరు తేదీ ముంచుకొస్తుంటే పిల్లలు ఇంకేం చేస్తారు? అలా వందసార్లు దాటించి అలవాటు చేసి, నూటొకటోసారి నిజమైన ప్రమాదం వచ్చినప్పుడు ‘హెచ్చరిక చూడలేదా?’ అని అడగడం ఏ న్యాయం? అంతెందుకు, 2024 మేలో తెలంగాణ, కర్ణాటక, కేరళ, బీహార్‌తో సహా పలు రాష్ట్రాల ప్రభుత్వ సైట్ల లింకులే జనాన్ని బెట్టింగ్ పేజీలకు తోస్తున్నాయని టెక్‌క్రంచ్ అనే వార్తా సంస్థ రాసింది. కంచే చేను మేసిందంటే ఇదే. 2017 మేలో వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు చిత్తూరుతో సహా మన రాష్ట్రంలోని కొన్ని జిల్లాల పోలీసుల కంప్యూటర్లే మొరాయించాయి. అది ప్రకటనల దారిన వచ్చింది కాదు. కానీ సరిచేయని పాత విండోస్‌తో ఆఫీసులు నడిపితే ఏమవుతుందో అది చూపించింది. ఆ విండోస్‌లతోనే నేటికీ పని చేయిస్తున్న ఆఫీసులు ఉంటే, ఆ సీట్లలో కూర్చున్న ఉద్యోగ మిత్రులు రాతపూర్వకంగా పై అధికారికి తెలియజేసి నకలు దగ్గర ఉంచుకోవాలి. రేపు ఫైళ్లు పోతే మెమో వచ్చేది గుమాస్తాకే.

గూగుల్ కంపెనీ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో భారీ డేటా కేంద్రం పెడుతుందని 2025 అక్టోబర్ 14న ఒప్పందం ప్రకటించారు. ఉత్తరాంధ్ర కూడా మనలాగే వెనకబడేసిన ప్రాంతం, అక్కడికి వెళ్లిందని మాకు కంటగింపు లేదు. ఓర్వకల్లు, గడివేముల ఎండల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రానికి భూములిచ్చిన సీమకు ఇలాంటి వాటిలో ఏం దక్కిందన్న ప్రశ్న ఎలాగూ ఉంది, దాన్ని వదలం. ఇక్కడ అడిగేది ఇంకొకటి. భూమి ఇచ్చి, రాయితీలిచ్చి, ఎర్ర తివాచీ పరిచిన ప్రభుత్వం ఆ కంపెనీని ఒక్క మాట అడగలేదా? తెలుగువాళ్లకు చూపించే ప్రకటనలను తెలుగు వచ్చిన మనుషుల చేత పరీక్ష చేయించమని, మోసపు ప్రకటన వల్ల పోయిన సొమ్ముకు, ఆ ప్రకటన మీద కమీషన్ తిన్నవాళ్లు కూడా బాధ్యత పడాలని అడగడానికి ఇంతకంటే మంచి అదను ఎప్పుడొస్తుంది? ‘మేము మధ్యవర్తులం మాత్రమే’ అనే వాదనకు ఐటీ చట్టం 79వ సెక్షన్ రక్షణ ఇస్తోంది. ఎవరో రాసుకున్న రాతను మోసేవాడికి ఆ రక్షణ సరే. డబ్బు తీసుకుని, ఎవరికి చూపాలో తానే ఎంచి, తెర మీద పెట్టేవాడు ఉత్త మధ్యవర్తి ఎలా అవుతాడు? మన పార్లమెంటు సభ్యులు ఈ ప్రశ్న వేయాలి. కర్నూలు, కడపల్లో కేసు పెట్టినవాళ్ల ఫోన్లను మంగళగిరి చుట్టూ తిప్పకుండా ఇక్కడే పరీక్షించే ప్రయోగశాల పెట్టాలి. రాయలసీమ విశ్వవిద్యాలయం, యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలు ట్రిపుల్ ఐటీల్లో చదివే పిల్లలకు ఈ జిల్లాల ప్రభుత్వ సైట్లను పరీక్షించే పని ఇస్తే వాళ్లకూ అనుభవం, సర్కారుకూ ఆదా. కలెక్టరేట్ ముందు ధర్నా చేయదలచిన మిత్రులు మానుకోవద్దు, వినతిపత్రంలోని రాత మార్చుకోండి.

ఇక మన ఇంటి సంగతి. ఈ పత్రిక వెబ్‌సైట్‌లో కూడా అలాంటి కోడ్ ముక్క పెట్టుకోమని ఒక మధ్యవర్తి సంస్థ అడిగింది. డబ్బు అవసరం లేక కాదు. న్యూస్‌ప్రింట్ ధర, పోస్టేజీ సంగతి చందాదారులకు తెలియనిది కాదు. అయినా ఒప్పుకోలేదు. ఆ కోడ్ పెట్టడమంటే ముఖం తెలియనివాడికి ఇంటి తాళంచెవి ఇచ్చి, వాడు ఇంకెవరికి ఇచ్చుకున్నా సరేననడమే. ఉద్యమం మీద నమ్మకంతో మన పేజీ తెరిచిన పాఠకుణ్ని వేలం వేసి అమ్ముకునే హక్కు మాకు లేదు. మా సైటులో ఉండేది మాకు తెలిసినవాళ్ల ప్రకటనలే. కోచింగ్ సెంటర్, నన్నారి షర్బత్ దుకాణం, పుస్తకాల షాపు. అవి కూడా మా దగ్గరే దాచిన బొమ్మలుగా ఉంటాయి, ఎవరి కోడూ వాటి వెనక నడవదు. ఉద్యమం పేరుతో సైట్లు నడిపే మిత్రులందరూ ఇదే పద్ధతి పాటించాలని మా విన్నపం. ఎర్ర తెర ఒకసారి పడితే తొలగించుకోవడానికి కొన్ని రోజులే చాలు. ‘వాళ్ల సైటులో వైరస్ ఉంటుందట’ అన్న మాట ఊళ్లో పడితే ఏళ్లు పడుతుంది. మన ప్రత్యర్థులకు మనమే ఆ ఆయుధం ఇవ్వాలా? సైటు నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు కొత్తది చేసుకోండి. వాడని ప్లగిన్లు తీసేయండి. పదిమందికి ఒకే పాస్‌వర్డ్ పంచే అలవాటు మానండి.

చదివేవాళ్లకు కూడా నాలుగు మాటలు. నిండు ఎరుపు పేజీ వస్తే వెనక్కి రండి, ఆ సైటు మనదైనా సరే. నడిపేవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి, గ్రూపుల్లో ఫొటో తిప్పడం తర్వాత. ‘మీ ఫోన్‌లో వైరస్ ఉంది’ అని వణికే పేజీ మాత్రం బ్రౌజర్ హెచ్చరిక కాదు, అది ప్రకటన. ఏ వెబ్ పేజీకీ మీ ఫోన్ లోపల ఏముందో చూసి చెప్పే శక్తి లేదు. దాన్ని నొక్కకుండా ఆ ట్యాబ్ మూసేయండి. ‘రోబో కాదని నిరూపించండి’ అంటూ అలౌ నొక్కమంటే నొక్కకండి. అది రోజంతా మీ ఫోన్‌కు ప్రకటనలు పంపడానికి తీసుకునే అనుమతి. కంప్యూటర్‌లో విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి ఏదో అతికించమని అడిగితే అది నూటికి నూరుపాళ్లు దొంగ. 2024 నుంచి ఈ ఎత్తు బాగా నడుస్తోంది. ప్రకటనలను ఆపే సాధనం వాడుకోండి. 2022 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ కూడా తన ప్రజలకు ఈ సలహానే ఇచ్చింది. పేరున్న పాత సాధనాన్ని 2024, 2025ల్లో క్రోమ్ పనిచేయకుండా చేసింది. ప్రకటనల మీద బతికే కంపెనీ బ్రౌజర్ అది, ఆశ్చర్యం ఏముంది? ఫైర్‌ఫాక్స్‌లో అది ఇంకా పనిచేస్తోంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా పెట్టుకోవచ్చు. కంప్యూటర్‌లో వైరస్ పడిందనిపిస్తే కేంద్రం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో శుభ్రం చేసే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి.

డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి. అదే నిమిషంలో 1930 నంబరుకు ఫోన్ చేయండి. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోకముందే చెబితే మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది, తెల్లారి చూద్దాంలే అనుకుంటే ఉండదు. ఫోన్ కలవకపోయినా, స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోయినా తేదీ, సమయం రాసి మాకు పంపండి. బాధితుల పేర్లు బయటపెట్టకుండా, ఏ ఆఫీసు ఎన్ని రోజులు తిప్పిందో వారం వారం ఈ పత్రికలోనే వేస్తాం.